వసంతంలో విశాఖ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘమాసం ముగిసిందంటే చాలు, విశాఖపట్నంలో ఉంటున్న మాబోటి వారికి బంధువుల నుంచీ, పాత సహోద్యోగుల నుంచీ, విదేశాల నుంచి సెలవులకు వచ్చే స్నేహితుల నుంచీ ఫోన్లు మొదలవుతాయి. ఊరు మారినా, మనిషి మారినా సందేహాలు మాత్రం అవే. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, ప్రయాణం సాగే వరుసలో ఇక్కడ సమాధానాలు రాశాను. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకున్నా సరిపోతుంది.

## నెల ఖాయం చేసుకునే ముందు

వైజాగ్‌లో వసంతమంటే ఎండాకాలమే కదా, అప్పుడు రావడం మంచి ఆలోచనేనా?

మంచి ఆలోచనే, అయితే పగటిని రెండు ముక్కలు చేసుకోవడానికి సిద్ధపడి రావాలి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఏప్రిల్ నాటికి పాదరసం 40 డిగ్రీలు దాటుతున్నప్పుడు, సముద్రపు గాలి పుణ్యమా అని విశాఖలో అది సాధారణంగా 35 డిగ్రీల లోపే ఉంటుంది. ఇక్కడ మనిషిని అలసట పెట్టేది ఎండకన్నా ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, నీడలో కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున 5 గంటల నుంచి 10 గంటల వరకూ, మళ్లీ సాయంత్రం 4 గంటల తర్వాత తిరిగి, మధ్యాహ్నం గదిలోనో మ్యూజియంలోనో గడిపేవారికి ఈ ఊరు వసంతంలో ఎంతో హాయినిస్తుంది. ఉదయం 11 గంటలకు బయలుదేరి మధ్యాహ్నమంతా బీచ్‌లో గడపాలనుకునేవారు డిసెంబరులో రావడం మేలు.

మార్చి మంచిదా, ఏప్రిల్ మంచిదా?

నన్నడిగితే మార్చి రెండో సగం. ఇంటర్మీడియట్, పదో తరగతి పరీక్షల కాలం కావడం వల్ల కుటుంబాల రద్దీ తక్కువగా ఉంటుంది, గదుల అద్దెలూ కొంత దిగుతాయి, కొండల మీద రాత్రులు ఇంకా చల్లగానే ఉంటాయి. ఏప్రిల్ మూడో వారం దాటి బడులకు వేసవి సెలవులిచ్చేసరికి అరకు దారి వాహనాలతో నిండిపోతుంది. మార్చిలోనైనా హోళీ, ఉగాది, శ్రీరామనవమి వారాంతానికి కలిసివచ్చే రోజులను మాత్రం తప్పించుకోవాలి. సింహాచలం చందనోత్సవం చూడాలన్న సంకల్పం ఉన్నవారికి వేరే దారి లేదు. అది వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయ తృతీయ రోజున వస్తుంది కాబట్టి ఏప్రిల్ చివరో మే మొదలో ఎంచుకోవలసిందే.

ఫొటోల్లో చూసిన మేఘాల సముద్రం, పసుపు పూల తోటలు అప్పుడు కనిపిస్తాయా?

కనిపించవు. ఈ ఒక్క విషయం ముందే తెలియక నిరాశపడి వెళ్లినవారిని ఎందరినో చూశాను, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను. వంజంగి కొండ మీద నుంచి కనిపించే మేఘాల సముద్రం, లంబసింగిలో గడ్డ కట్టించే చలి శీతకాలపు దృశ్యాలు. అరకు లోయను పసుపు పచ్చగా మార్చే వలిసె పూలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే ఉంటాయి. మార్చి నాటికి ఆ చేలన్నీ కోసేసి నేల ఎర్రగా, ఖాళీగా ఉంటుంది.

అయితే వసంతానికి తన సొంత సంపద ఉంది. ఫాల్గుణంలో ఘాట్ రోడ్డు పొడవునా ఆకులన్నీ రాలిన మోదుగు చెట్లు నిప్పు అంటుకున్నట్టు పూస్తాయి. కొమ్మల నిండా ఎర్రని పూలతో బూరుగు చెట్లు నిలబడతాయి. ఇప్పచెట్ల కింద తెల్లవారకముందే బుట్టలతో పూలు ఏరుకునే గిరిజన కుటుంబాలు కనిపిస్తాయి. కాఫీ తోటలు పూతకు వస్తాయి. సముద్రతీరంలో తాబేలు పిల్లలు గుడ్లు చీల్చుకుని బయటికి వస్తాయి. శీతకాలపు ఫొటోలను పక్కన పెట్టి వచ్చినవారికి ఇవేవీ తక్కువగా అనిపించవు.

ఎన్ని రోజులు పెట్టుకుంటే సరిపోతుంది?

నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. అందులో రెండు రాత్రులు నగరంలో, ఒక రాత్రి తప్పనిసరిగా కొండ మీద ఉండాలి. రెండే రోజులు వీలయితే అరకును వదిలేసి నగరం, సింహాచలం, భీమిలి దారి తీరిగ్గా చూడమని నా సలహా. రెండు రోజుల్లో అన్నీ చుట్టేయాలనుకుంటే ఎక్కువ సమయం కారు కిటికీలోంచి చూడటానికే సరిపోతుంది.

తుపాను వచ్చే ప్రమాదం ఉందా?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ భయం చాలా తక్కువ. బంగాళాఖాతంలో తుపానులు ప్రధానంగా వర్షాకాలానికి ముందు ఏప్రిల్ చివరి నుంచి, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏర్పడతాయి. విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో జాగ్రత్త పడవలసింది కొండల మీద మధ్యాహ్నం దాటాక హఠాత్తుగా వచ్చే ఉరుములు, పిడుగులతో కూడిన వానల విషయంలో. ఆకాశం మూసుకుంటే వ్యూ పాయింట్ల దగ్గరా, చెట్ల కిందా నిలబడకుండా వాహనంలోకో భవనంలోకో చేరండి.

## ప్రయాణం, బస

హైదరాబాద్ నుంచి రైలా, కారా?

కుటుంబంతో వచ్చేవారికి రాత్రి రైలు అన్నిటికన్నా సుఖం. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి విశాఖలో దిగవచ్చు, ఒక పగలు కలిసివస్తుంది. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్, విశాఖ మధ్య వందే భారత్ నడుస్తున్నది. సుమారు 8 గంటల 30 నిమిషాల్లో చేరుస్తుంది కానీ, ఆ పగలంతా దానికే పోతుంది. సొంత కారులో దూరం 600 కిలోమీటర్లకు పైనే, దారిలో ఆగుతూ వస్తే 11, 12 గంటలు పడుతుంది. కారు నడిపి అలసిపోయిన మర్నాడే అదే మనిషి ఘాట్ రోడ్డు ఎక్కడం క్షేమం కాదు. కారులో వచ్చేవారు మొదటి రోజును నగరానికే కేటాయించాలి.

మా టికెట్ మీద దువ్వాడ అని ఉంది, అది విశాఖేనా?

నగర పరిధిలోనిదే, కాని ప్రధాన స్టేషన్ కాదు. విశాఖపట్నం స్టేషన్ హౌరా, చెన్నై ప్రధాన మార్గానికి కాస్త పక్కకు ఉంటుంది. రైలు లోపలికి వచ్చి, ఇంజన్ను రెండో కొసకు మార్చుకుని మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆ ఆలస్యం లేకుండా ఉండేందుకు కొన్ని దూరప్రాంతపు రైళ్లను దువ్వాడ మీదుగా నేరుగా పంపిస్తారు. దువ్వాడలో దిగితే గాజువాక మీదుగా నగరం నడిబొడ్డుకు రావడానికి ఆటోలో గానీ క్యాబులో గానీ ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అర్ధరాత్రి దువ్వాడ చేరే టికెట్ అయితే, వాహనం ముందే మాట్లాడి పెట్టుకోండి.

విమానం ఎక్కడ దిగుతుంది?

నగరంలో ఉన్న పాత విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో భాగం. అక్కడి నుంచి బీచ్ రోడ్డు దూరం కాదు. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు. అది నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. కాబట్టి టికెట్ కొనేటప్పుడే విమానాశ్రయం పేరు చూసుకుని, దాన్నిబట్టి క్యాబ్ ఖర్చు, సమయం లెక్క వేసుకోవాలి.

గది ఎక్కడ తీసుకోవాలి?

వయసు మళ్లినవారు, చిన్న పిల్లలు ఉంటే ఆర్కే బీచ్ పరిసరాల్లో తీసుకోండి. పొద్దున్నే లిఫ్టు దిగి రోడ్డు దాటితే సముద్రం. ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచే ఉదయిస్తాడు, దానికి వాహనం ఎక్కనవసరం లేదు. ప్రశాంతత కోరేవారు రుషికొండ వైపు చూడవచ్చు కానీ, భోజనానికీ మందులషాపుకూ ప్రతిసారీ బండి కావాలి. మర్నాడు తెల్లవారుజామున అరకు రైలు ఎక్కేవారికి స్టేషన్ పక్కనో, ఊళ్లో అందరూ కాంప్లెక్స్ అని పిలిచే ద్వారకా బస్ స్టేషన్ పక్కనో ఉండటం తేలిక. ఒక్క హెచ్చరిక. కిందటి ఏడు మా పెద్దమ్మగారి కుటుంబానికి సముద్రం కనిపించే గది అని ఒక లాడ్జి వారు డబ్బు కట్టించుకున్నారు. తీరా వెళ్తే, వరండా చివర నిలబడి రెండు భవనాల సందులోంచి తొంగిచూస్తే కనిపించింది ఆ సముద్రం. కిటికీలోంచి తీసిన ఫొటో పంపమని అడిగి, అది వచ్చాకే డబ్బు కట్టండి.

సొంత బండి లేకుండా నగరంలో తిరగగలమా?

నిశ్చింతగా తిరగవచ్చు. సింహాచలానికి 28 నంబరు సిటీ బస్సులు, బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె బస్సులు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. భీమిలి బస్సులో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే దారి పొడవునా సముద్రం మీ పక్కనే ఉంటుంది. తొట్లకొండ వంటి చోట్లకు బస్సు దిగాక ఎక్కుడు దారి ఉంటుంది కాబట్టి ఎండ వేళ ఆటో మాట్లాడుకోవడం మంచిది.

## నగరం, సముద్రం

సముద్రంలో స్నానం చేయవచ్చా?

ఈ ప్రశ్నకు సమాధానం రాసేటప్పుడు నాకు చేయి బరువెక్కుతుంది. సెలవులకు వచ్చిన యువకులు ఈ తీరంలో మునిగిపోయారన్న వార్త లేని వేసవి నాకు గుర్తులేదు. విశాఖ తీరం ఉన్నట్టుండి లోతవుతుంది. మోకాలి లోతు అనుకున్న చోట మరో నాలుగు అడుగులకే నడుము దాటుతుంది. వెనక్కి లాగే ప్రవాహం ఈతగాళ్లను కూడా లోపలికి తీసుకుపోతుంది. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోవడం తప్ప స్నానానికి దిగవద్దు. రుషికొండలో 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) పొందిన భాగంలో స్నానానికి హద్దులు గుర్తించి, ప్రాణరక్షకులను ఉంచారు. దిగాలనుకుంటే ఆ హద్దుల్లోనే, వారి కళ్ల ముందే దిగండి. యారాడ చూడటానికి ఎంత అందమో, నీళ్లలో అంత ప్రమాదం. కొండ దిగి ఆ ఇసుకలో కూర్చోవడమే గొప్ప అనుభవం, అది చాలు. పొరపాటున లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుతూ ఆ ధార నుంచి బయటపడాలి.

తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలడం చూడగలమా?

అదృష్టం కలిసివస్తే చూడగలరు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కొక్కటి వందకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తినేయకుండా అటవీశాఖ వారు ఆ గుడ్లను సేకరించి, తీరంలోనే కంచె కట్టిన సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి కనుక మార్చి, ఏప్రిల్ నెలల తెల్లవారుజాములు దీనికి అనువైనవి.

నేను చూసిన ఉదయం, వెదురు బుట్టను ఇసుక మీద ఒరిగించగానే బొటనవేలంత నల్లని పిల్లలు ముందు కదలకుండా ఉండిపోయాయి. తర్వాత ఒకటి తల ఎత్తింది, రెక్కల వంటి ముందు కాళ్లతో ఇసుకను తోసుకుంటూ బయలుదేరింది, మిగిలినవన్నీ దాని వెంటపడ్డాయి. మొదటి అల వచ్చి సగం పిల్లలను వెనక్కి విసిరేసింది. అవి వెల్లకిలా పడి, మళ్లీ తిరగబడి, మళ్లీ నీటి వైపే నడిచాయి. అక్కడున్న పిల్లలెవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.

వెళ్లేవారు ముందురోజు సాయంత్రమే కేంద్రంలోని సిబ్బందిని అడిగి రండి. తాబేలు పిల్లలను చేత్తో ముట్టుకోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, ఫోన్ లైటు వెలిగించకూడదు. వెలుగు ఎటు ఉంటే అటే అవి నడుస్తాయి, దారి తప్పితే చచ్చిపోతాయి.

మధ్యాహ్నం ఎండలో పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలి?

బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా ఉన్న టీయూ 142 యుద్ధ విమానం పిల్లలకు అన్నిటికన్నా నచ్చుతాయి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన ఐఎన్ఎస్ కురుసుర 91 మీటర్ల పొడవుంటుంది. దాని లోపలి ఇరుకు పరుపులు, వంగి దాటవలసిన గుండ్రని తలుపులు చూశాక నావికుల బ్రతుకు ఎంత కష్టమో పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు. జంతుప్రదర్శనశాలకూ సోమవారమే సెలవు. అక్కడ నీడ ఉన్నా నడక ఎక్కువ కాబట్టి దానికి ఉదయం వెళ్లండి.

భీమిలి దారిలో ఏవి ఆగి చూడదగినవి?

తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, ఈ వరుసలో ఒక పూట. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం ఉంది. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. ఉదయం 7 గంటలకు అక్కడ నిలబడి కిందికి చూస్తే, భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. గాలులూ సముద్రమట్టంలో మార్పులూ వేల సంవత్సరాలపాటు పేర్చిన ఎర్రమట్టి దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మట్టి చాలా పెళుసు, గట్ల అంచులు ఎక్కితే విరిగిపడతాయి. దిబ్బల మధ్య కాలిబాటలోనే నడవండి, పేర్లు చెక్కనీయకండి. భీమిలి పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది, దేశంలోని పాతవాటిలో ఒకటి. డచ్చివారి సమాధుల తోట చూసుకుని, గోస్తని నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. బొర్రా గుహల దగ్గర పుట్టి, తాటిపూడి జలాశయం నింపి, విశాఖకు తాగునీరిచ్చి వచ్చే నది అది. కొండనూ సముద్రాన్నీ కలిపే ఆ సన్నని పాయ దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి.

సింహాచలం చందనోత్సవం రోజునే రావాలా?

వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటారు. ఆ పూత తొలగించిన నిజరూపాన్ని భక్తులు చూడగలిగేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే. ఆ రాత్రికే అభిషేకాలు జరిపి మళ్లీ చందనం సమర్పిస్తారు. ఇది జీవితంలో ఒక్కసారైనా చూడాలన్న కోరిక ఉన్నవారు టికెట్, దైవదర్శనం, తిరుగు ప్రయాణం అన్నీ ఆ ఒక్క రోజు కోసమే పెట్టుకుని రావాలి, మరో కార్యక్రమం జోడించవద్దు. గంటల తరబడి ఎండలో వరుసలో నిలబడవలసి ఉంటుంది కనుక గుండె జబ్బు, మధుమేహం ఉన్న పెద్దలను తీసుకురావడానికి ముందు బాగా ఆలోచించండి. స్వామిని ప్రశాంతంగా చూడాలనుకునేవారికి మార్చిలో ఏదైనా మంగళ, బుధవారాల ఉదయం చాలు. మెట్ల దగ్గర ఆకు దొన్నెల్లో సంపెంగలు అమ్ముతారు. ఆ వాసన కొండ దిగాక కూడా చేతుల్లో ఉండిపోతుంది.

## కొండల మీద

అరకు ఒక్క రోజులో వెళ్లి రాలేమా?

రాగలరు, చాలామంది వస్తారు, కానీ వద్దు. రోడ్డు మీద ఒకవైపే సుమారు 115 కిలోమీటర్లు, అందులో చాలా భాగం మలుపుల ఘాట్. పోను, రాను ఏడెనిమిది గంటలు బండిలోనే పోతాయి. వసంతంలో కొండ అందం ఉదయం 6 నుంచి 9 వరకూ, సాయంత్రం వెలుగు తగ్గాకా ఉంటుంది. ఒక్క రోజులో వెళ్లేవారు సరిగ్గా ఎండ మండే వేళ అక్కడ ఉండి, చల్లబడే వేళకు తిరిగి బయలుదేరతారు. అనంతగిరిలో గానీ అరకులో గానీ ఒక రాత్రి ఉండండి. తిరిగి వచ్చేవారు చీకటి పడకముందే ఘాట్ దిగువనున్న శృంగవరపుకోట చేరేలా చూసుకోవాలి.

రైలులో వెళ్లాలా, రోడ్డు మీదా?

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొండలను తొలిచి వేసిన దారి ఇది. ఉదయం సుమారు 7 గంటలకు బయలుదేరే కిరండూల్ పాసింజర్ బొడ్డవర దాటాక ఎక్కడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి సొరంగం వెనుక సొరంగం. పెట్టెలో చీకటి పడగానే పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేస్తారు, వెలుగు రాగానే లోయ తెరుచుకుంటుంది. అరకు చేరేముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి తేదీ ఖాయం కాగానే తీసుకోండి. దొరకకపోతే బాధపడనక్కరలేదు, మామూలు పెట్టెలో తెరిచిన కిటికీ పక్కన కూర్చుంటే కొండగాలి ముఖానికి తగులుతుంది. మరో పద్ధతి ఏమిటంటే, బొర్రాలో దిగి గుహలు చూసుకుని, ముందే మాట్లాడుకున్న వాహనంలో అరకు వెళ్లడం.

బొర్రా గుహలు మా అమ్మానాన్నలు దిగి ఎక్కగలరా?

మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే. సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉన్న ఈ సున్నపురాతి గుహల్లోకి చాలా మెట్లు దిగాలి, అవే మళ్లీ ఎక్కాలి. కొన్నిచోట్ల నీరు కారి జారుడుగా ఉంటుంది. అయితే ముఖద్వారం దాటగానే వచ్చే మొదటి విశాలమైన గది వరకూ వెళ్లినా గుహ వైభవం తెలుస్తుంది. పెద్దవారిని అక్కడ కూర్చోబెట్టి మిగిలినవారు లోపలికి వెళ్లి రావచ్చు. పైకప్పు నుంచి పొదుగుల్లా వేలాడే రాతి ఊడలను చూస్తే ఇక్కడ పుట్టే నదికి గోస్తని అన్న పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. కోతులుంటాయి కాబట్టి తినుబండారాలు చేత్తో పట్టుకుని నడవవద్దు.

కాఫీ పూలు ఎప్పుడు పూస్తాయి?

తేదీ చెప్పలేము, వాన చెబుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే తొలి జల్లుకు మొగ్గలు మేల్కొని, వారం పది రోజుల్లో తోటంతా ఒకేసారి పూస్తుంది. కొమ్మ పొడవునా ఆకుల మొదళ్ల దగ్గర తెల్లని పూలు గుత్తులు కట్టి, మల్లెకు దగ్గరి వాసన వేస్తాయి. మూడు నాలుగు రోజులకు వాడి గోధుమరంగుకు మారతాయి. గది తీసుకునేటప్పుడు ఫోన్ చేసి, ఈమధ్య వాన ఎప్పుడు పడిందని అడగండి. పది రోజుల కిందట అన్నారంటే వెంటనే బయలుదేరవచ్చు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటి మీదికి మిరియపు తీగలు పాకిన ఈ తోటలు ఎక్కువగా చిన్న గిరిజన రైతులవి. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. పూత మీద ఉన్న కొమ్మను ఫొటో కోసం విరిస్తే, ఆ ఇంటివారి రాబోయే పంటను తుంచినట్టే.

జలపాతాల్లో నీళ్లు ఉంటాయా?

తక్కువగా ఉంటాయి. కటికి జలపాతం వసంతంలో సన్నని ధారగా మారుతుంది. చాపరాయి దగ్గర మాత్రం నీరు పలచబడటం వల్లే రాతిపలకల మీద పిల్లలు కూర్చుని ఆడుకోవడానికి అనువుగా ఉంటుంది. నాచు పట్టిన రాళ్ల మీద జాగ్రత్త అవసరం. జలపాతాల కోసమే వచ్చేవారు సెప్టెంబరు, అక్టోబరు నెలలు చూసుకోవాలి.

దారిలో ఆడవాళ్లు బండి ఆపి డబ్బులడిగారు, భయపడాలా?

భయపడవద్దు. చైత్రమాసంలో మన్యమంతా ఇటుకల పండుగ చేసుకుంటుంది. విత్తనాలకు పూజ చేసి, మగవారు వేటకు అడవికి వెళ్లడం ఆచారం. ఆ రోజుల్లో ఊళ్లో ఉండిపోయిన ఆడవారు పాటలు పాడుతూ దారికి అడ్డంగా నిలబడి, వచ్చేపోయేవారిని పండుగ కానుక అడుగుతారు. పది, ఇరవై రూపాయల నోట్లు దగ్గర ఉంచుకుని సంతోషంగా ఇవ్వండి. అడగకుండా ఫొటో తీయకండి, హారన్ కొట్టి తోసుకుపోకండి. ఆ దారి వారి ఊరిది, అది వారి పండుగ.

స్వెట్టర్, మందులు, నగదు ఏమైనా ప్రత్యేకంగా తెచ్చుకోవాలా?

నగరానికి నూలు బట్టలు చాలు, కొండ మీద రాత్రికి ఒక పలుచని స్వెట్టర్ కావాలి. మన్యంలో మలేరియా ఉంది కాబట్టి సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. ఘాట్‌లో వాంతులయ్యేవారు అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, ఖాళీ కడుపుతోనూ నిండా తినీ బయలుదేరకూడదు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు, అక్కడ ఫోన్‌తో చెల్లించడం కుదరదు. నగదు నగరంలోనే తీసుకుని, పెట్రోలు శృంగవరపుకోటలో నింపుకోండి.

## తిండి, తిరుగు ప్రయాణం

వైజాగ్ వచ్చి చేపలు దొరకలేదంటున్నారు, నిజమేనా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులపాటు చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరమంతా మరపడవల వేటను నిషేధిస్తారు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరుసగా కట్టేసి ఉంటాయి. చిన్న తెప్పల మీద తెచ్చే చేప కొంత దొరుకుతుంది కానీ, వంజరం, చందువ ధరలు బాగా పెరుగుతాయి, హోటళ్లలో నిల్వ ఉంచిన చేపే ఎక్కువగా వస్తుంది. తాజా చేప కోసం వచ్చేవారు ఏప్రిల్ 15 లోపు రావాలి. అప్పుడు తెల్లవారుజామున హార్బర్‌కు వెళ్తే వేలంపాట మధ్య నిలబడి కొనుక్కోవచ్చు.

ఇంకా ఏం తినాలి, ఇంటికి ఏం తీసుకువెళ్లాలి?

సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా, ఏప్రిల్ నుంచి రోడ్డు పక్కన తాటి ముంజలు, అరకులో బొగ్గుల మీద వెదురు గొట్టంలో కాల్చిన బొంగులో చికెన్. వెదురును మీ కళ్ల ముందే చీల్చి, ఆవిరి పోకముందే ఆకులో వడ్డించే చోట తినండి. ఇంటికి మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, అరకు కాఫీపొడి, మిరియాలు. మిరియాలు, పసుపు అరకు చుట్టుపక్కల వారపు సంతలో గిరిజన రైతుల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వారికి చేరుతుంది.

చివరి రోజు రాత్రి రైలు, గది పొద్దున్నే ఖాళీ చేయాలి. పగలంతా ఎక్కడ గడపాలి?

సామాను స్టేషన్‌లోని క్లోక్‌రూములో పెట్టండి. దానికి సంచులకు తాళాలుండాలి, టికెట్ దగ్గరుండాలి. ఎండ తగ్గేవరకూ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో గడిపి, సాయంత్రం 4 గంటలకు పాత ఊరికి, రేవు పక్కన వరుసగా నిలిచిన మూడు కొండల దగ్గరికి వెళ్లండి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి ఉన్నాయి. రాస్ హిల్ అనే చర్చి కొండ మెట్లెక్కితే, డాల్ఫిన్ నోస్ కొండకూ ఊరికీ మధ్యనున్న సన్నని కాలువలోంచి ఓడలు రేవులోకి రావడం పైనుంచి కనిపిస్తుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు ఆటోలో పావుగంట, సాయంత్రపు రద్దీలో అరగంట.